నామ్ జిమ్ జేవ్: రోటి దగ్గర నుంచి నోటుబుక్కు దాకా

నేను మొదటిసారి ఈ సాస్ చేసినప్పుడు చేతిలోని కాగితం మీద "చింతపండు గుజ్జు 3 టేబుల్ స్పూన్లు" అని ఉంది. సరిగ్గా అంతే వేశాను. అప్పుడు మా ఇంట్లో ఉన్నది రెండేళ్ళ కిందటి చింతపండు. నల్లబడి, పులుపు బాగా ముదిరింది. ఆ వంటకం రాసినవాళ్ళ ఇంట్లో కొత్త పండు ఉండి ఉంటుంది. చికెన్ ముక్క ముంచి నోట్లో పెట్టుకోగానే పళ్ళు జివ్వుమన్నాయి. కొలత సరిపోయింది, రుచి కుదరలేదు. ఆ రాత్రే కాగితం అంచున "పాత పండైతే 2 చాలు" అని రాసుకున్నాను. ఈ సాస్ గురించి ఇప్పుడు నాకు తెలిసిన దాంట్లో సగం అలా అంచుల్లో రాసుకున్నదే.

అందుకని ఇక్కడ రెండు పనులు కలిపి చెబుతున్నాను. ఒకటి, నామ్ జిమ్ జేవ్ అనే ఈ థాయ్ సాస్‌ని మొదటి నుంచి చివరిదాకా చేయడం. రెండు, చేసినదాన్ని మళ్ళీ అలాగే కుదిరేట్టు రాసిపెట్టుకోవడం. మనుషులు వంటకాలు రాయడం మొదలుపెట్టి దాదాపు 4,000 ఏళ్ళు అవుతోంది. వాళ్ళు ఏం రాశారో, ఏం వదిలేశారో చూస్తే మన నోటుబుక్కులో ఏం ఉండాలో బాగా తెలుస్తుంది.

ఇది ఎక్కడిది, ఎలా తింటారు

థాయ్ భాషలో నామ్ అంటే నీరు, జిమ్ అంటే ముంచుకోవడం. జేవ్ అన్నది ఈసాన్ ప్రాంతపు మాట, ముంచుకునే సాస్ అని అర్థం. ఈసాన్ అంటే థాయ్‌లాండ్ ఈశాన్య భాగం, 20 రాష్ట్రాలు. మెకాంగ్ నది దాటితే లావోస్. భాషలోనూ తిండిలోనూ ఈ రెండు ఒడ్లూ చుట్టాలే. అక్కడివాళ్ళు రోజూ తినేది స్టికీ రైస్. దాన్ని కొన్ని గంటలు నానబెట్టి, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిస్తారు. చేత్తో చిన్న ఉండ చేసుకుని సాస్‌లో అద్దుకుంటారు. బొగ్గుల మీద కాల్చిన కోడి, అంటే గై యాంగ్, ఉన్నచోట పక్కన ఈ సాస్ గిన్నె ఉండాల్సిందే. ఖోన్ కేన్ రాష్ట్రంలోని ఖావ్ సువాన్ క్వాంగ్ అనే ఊరికి ఆ కాల్చిన కోడి వల్లే పేరు.

మనం పచ్చడిని అన్నంలో కలుపుకుంటాం. దీన్ని కలపరు, ముంచుతారు. కాబట్టి పలచగానూ ఉండాలి, ముక్కని పట్టుకుని ఉండేంత చిక్కదనమూ ఉండాలి. ఆ పని చేసేది వేయించిన బియ్యప్పొడి. ఈ సాస్‌కి ప్రాణం అదే.

కావలసినవి (అర కిలో చికెన్‌కి, నలుగురికి)

- స్టికీ రైస్ 2 టేబుల్ స్పూన్లు
- ఎండుమిరపకాయలు 6 నుంచి 8
- చింతపండు 40 గ్రాములు, గోరువెచ్చని నీళ్ళు 100 మిల్లీలీటర్లు
- ఫిష్ సాస్ 2 నుంచి 3 టేబుల్ స్పూన్లు
- తాటి బెల్లం 20 గ్రాములు
- నిమ్మరసం 1 టేబుల్ స్పూను
- సాంబారు ఉల్లిపాయలు 3
- ఉల్లికాడలు, కొత్తిమీర తరిగినవి గుప్పెడు

ఇలా దినుసులన్నీ పైన, పద్ధతి కింద రాయడం ఎప్పటినుంచో ఉన్నదే అనుకుంటాం. నిజానికి ఇది ఈమధ్య అలవాటే. ఇంగ్లండ్‌లో 1845లో ఎలైజా యాక్టన్ తన పుస్తకంలో ప్రతి వంటకం చివర దినుసులూ కొలతలూ పట్టే సమయమూ విడిగా రాసింది. 1861లో వచ్చిన ఇసబెల్లా బీటన్ పుస్తకంలో ఆ జాబితా పైకి వచ్చింది. చెంచాని తలగొట్టి సమంగా కొలవాలని అమెరికాలో ఫానీ ఫార్మర్ గట్టిగా చెప్పింది 1896లో. అంతకుముందు రాసినవాళ్ళు ఎక్కువగా వంట తెలిసినవాళ్ళ కోసమే రాశారు.

మనకి దొరికిన వాటిలో అన్నిటికంటే పాత వంటకాలు మట్టి పలకల మీద ఉన్నాయి. క్రీస్తుపూర్వం 1730 ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లో, అక్కాడియన్ భాషలో రాసినవి. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఒక పలక మీదే 25 వంటకాలు, దాదాపు అన్నీ పులుసులే. మాంసం పెట్టు, నీళ్ళు పొయ్యి, కొవ్వు వెయ్యి, ఉల్లికాడలాంటి లీక్, వెల్లుల్లి నూరి వెయ్యి అన్నట్టు సాగుతాయి. ఎంత, ఎంతసేపు అన్నది దాదాపు ఎక్కడా ఉండదు. కానీ "నూరి వెయ్యి" అన్న మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ రాసినవాడి పక్కన రోలు ఉందని అప్పుడు అనిపిస్తుంది.

మొదటి పని: బియ్యం వేయించడం

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. ఇనప మూకుడు ఖాళీగా వేడి చేసి, నూనె లేకుండా స్టికీ రైస్ వేయండి. మంట చిన్నదానికీ మధ్యస్థానికీ మధ్యలో ఉండాలి. 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. కానీ మీ మూకుడు మందం, మీ మంట నాకు తెలియవు కాబట్టి గడియారం కంటే ఈ గుర్తులు చూసుకోండి. మొదట్లో గరిటె తిప్పుతుంటే బియ్యం బరువుగా, ఇసక జరిగినట్టు కదులుతుంది. ఐదారు నిమిషాలకి గింజలో తడి పోయి చప్పుడు తేలికపడుతుంది, గలగలమంటుంది. అప్పటి నుంచి చెయ్యి ఆపకూడదు. తర్వాత మరమరాల బట్టీ దగ్గర వచ్చే వాసన వస్తుంది. రంగు మీగడ రంగు నుంచి కొబ్బరి పీచు రంగుకి తిరగ్గానే వెంటనే పళ్ళెంలోకి తీసేయండి. మూకుట్లోనే వదిలితే ఆ వేడికే మాడుతుంది.

పూర్తిగా చల్లారాక రోట్లో దంచండి. బొంబాయి రవ్వంత బరక ఉండాలి. మిక్సీ అయితే ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పితే చాలు. మెత్తటి పిండి అయిందా, సాస్ జావలా తయారవుతుంది, నోటికి ఆ కరకర తగలదు. స్టికీ రైస్ దొరకకపోతే అస్సాం వాళ్ళ బొరా సాల్ చక్కగా సరిపోతుంది, అది కూడా జిగురు బియ్యమే. అదీ లేకపోతే మామూలు పచ్చిబియ్యంతో చేయండి, వాసన కొంచెం తగ్గుతుంది.

మిరపకాయలు

అదే మూకుట్లో, మంట బాగా తగ్గించి, తొడిమలు తీసిన ఎండుమిరపకాయలు రెండు నిమిషాలు వేయించండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి. ఎరుపు ముదిరి, కాయ వంచితే పటుక్కున విరగాలి. నల్ల మచ్చలు పడితే చేదు. గుంటూరు సన్నాలైతే సగం గింజలు దులిపేయండి. తేజ రకమైతే నాలుగు కాయలు చాలు. దీన్ని కూడా కచ్చాపచ్చాగానే దంచాలి.

థాయ్ వంట అనగానే మిరప గుర్తొస్తుంది గానీ, అది అక్కడికి కూడా మన దగ్గరికి వచ్చినట్టే అమెరికా ఖండం నుంచి వచ్చింది. పోర్చుగీసువాళ్ళు అప్పటి థాయ్ రాజధాని అయుత్తయాకి చేరింది 1511లో. మిరప వచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు కారం అంటే మిరియమే. మిరియాన్ని అప్పట్లో ఫ్రిక్ అనేవారు. కొత్త కాయ వచ్చి ఆ పేరు తీసేసుకుంది. ఇప్పుడు ఫ్రిక్ అంటే మిరప, మిరియాన్నేమో "ఫ్రిక్ థాయ్" అని విడిగా చెప్పాలి. మన మిరపకాయ అన్న మాట కూడా మిరియంలోంచి పుట్టిందే. రెండు భాషలూ ఒకే పని చేశాయని తెలిసినప్పుడు నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో మినప్పిండితో చేసే "ఇడ్డరిక" ఉంది, వడలు ఉన్నాయి. మిరప ఎక్కడా లేదు, మిరియమే ఉంది. పాత వంటకాలు రాసి ఉండబట్టే ఏ దినుసు ఎప్పుడు మన వంటింట్లోకి అడుగు పెట్టిందో ఇవాళ చెప్పగలుగుతున్నాం.

చింతపండు, బెల్లం, ఫిష్ సాస్

చింతపండుని గోరువెచ్చని నీళ్ళలో 15 నిమిషాలు నాననిచ్చి, బాగా పిసికి, వడకట్టండి. చారుకి తీసే రసంలా పలచగా కాదు, పులిహోర గుజ్జంత చిక్కగా కూడా కాదు. చెంచా ముంచి తీస్తే వెనక వైపు పల్చటి పొరలా అంటుకుని ఉండాలి. ఇప్పుడు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. కొత్త పండైతే 3 టేబుల్ స్పూన్లు తీసుకోండి. నల్లటి పాత పండైతే 2 తీసుకుని, ఒక స్పూను నీళ్ళు కలపండి.

ఈ గుజ్జులో తాటి బెల్లం పొడి చేసి వేసి, సన్నని మంట మీద కరిగేదాకా మాత్రమే ఉంచండి. ఉడకనక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో కూడా తాటిచెట్టు నుంచి బెల్లం తీస్తారు, ఫెచబురి రాష్ట్రం దానికి ప్రసిద్ధి. అసలు థాయ్ భాషలో చక్కెరని "నామ్ తాన్" అంటారు. నామ్ అంటే నీరు, తాన్ అంటే తాడి. అంటే తాటినీరు! ఇంత దగ్గరి దినుసు మన దగ్గర ఉండగా పంచదార వేయడం నాకు ఇష్టం ఉండదు. ఒక్కటి గమనించండి. వాళ్ళ బెల్లం లేత రంగులో మెత్తగా ఉంటుంది. మనది నల్లగా, కాస్త పొగవాసనతో ఉంటుంది. అందుకని ముందు ముప్పావు వంతు వేసి, రుచి చూశాకే మిగతాది వేయండి.

పొయ్యి మీద నుంచి దించాక ఫిష్ సాస్ కలపండి. ముందు 2 స్పూన్లు మాత్రమే. ఇది చిన్న సముద్రపు చేపల్ని ఉప్పుతో కలిపి ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం ఊరబెట్టి తీసిన ద్రవం. సీసా మూత తీయగానే వాసన గట్టిగా కొడుతుంది. అది చూసి భయపడకండి. పులుపూ తీపీ తగిలాక వాసన వెనక్కి తగ్గి రుచి ముందుకి వస్తుంది. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఇందులో ఉప్పు చాలా ఎక్కువని గుర్తుంచుకోండి. చేప తిననివాళ్ళకి లైట్ సోయా సాస్, చిటికెడు ఉప్పు సరిపోతాయి. థాయ్‌లాండ్‌లో "జే" అనే శాకాహారం పాటించేవాళ్ళు కూడా సోయా సాసే వాడతారు.

చేపని ఉప్పులో ఊరబెట్టిన రసం ఒక్క ఆసియాలోనే లేదు. రోమన్లు కూడా చేసుకున్నారు, గారుమ్ అన్నారు, లిక్వామెన్ అన్నారు. అపీషియస్ పేరుతో మనకి చేరిన లాటిన్ వంట పుస్తకంలో 400కి పైగా వంటకాలున్నాయి. చాలావాటిలో ఉప్పు బదులు పడేది ఈ లిక్వామెనే. అందులో కూడా కొలతలు దాదాపు లేవు. యూరప్ తర్వాత ఆ రుచిని చాలావరకు మర్చిపోయింది.

1687లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దూతగా సయామ్, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, వెళ్ళిన సీమోన్ ద లా లూబేర్ అక్కడి తిండి గురించి రాశాడు. 1691లో ఆ పుస్తకం అచ్చయింది. వాళ్ళ సాసులు చాలా సాదావి అంటాడు: కాసిని నీళ్ళు, మసాలా దినుసులు, వెల్లుల్లి, చిన్న ఉల్లి, ఏదో ఒక సువాసన ఆకు. కపి అనే రొయ్యల ముద్ద అంటే వాళ్ళకి చాలా ఇష్టమని కూడా చెప్పాడు. బయటివాడు ఒక్క పూట చూసి రాసినట్టుంటుంది ఆ వాక్యం. అయినా మీ ముందున్న గిన్నెతో పోల్చి చూడండి, ఎంత దగ్గరగా ఉందో.

కలపడం, రుచి సరిచూడడం

గుజ్జు చల్లారాక నిమ్మరసం పిండండి. వేడి మీద పిండితే నిమ్మ వాసన పోతుంది, పులుపు మాత్రం మిగులుతుంది. తర్వాత దంచిన మిరప ఒక టేబుల్ స్పూను.

ఇప్పుడు రుచి చూడాలి. చెంచాతో కాదు. దేనితో తింటారో దానితోనే చూడాలి: కాల్చిన చికెన్ ముక్క, లేదా దోసకాయ ముక్క. చెంచాతో నాకితే సాస్ ఎప్పుడూ ఘాటుగానే అనిపిస్తుంది, అలా ఉండాలి కూడా. ముక్కతో తిన్నప్పుడు మొదట పులుపు, వెంటనే ఉప్పు, ఆ తర్వాత కారం, అన్నిటికీ అడుగున కొంచెం తీపి తెలియాలి. తీపి ముందు తెలిస్తే బెల్లం ఎక్కువైనట్టు, ఇంకో అర స్పూను నిమ్మరసం పిండండి. చప్పగా ఉంటే ఎక్కువసార్లు లోటు ఫిష్ సాస్‌దే. మూడో స్పూను ఇప్పుడు వేయండి, కానీ సగం సగంగా. ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోయొద్దు, మొత్తం పలచబడిపోతుంది. చింతపండు గుజ్జూ చిటికెడు బెల్లమూ కలిపి లాగండి.

సన్నగా తరిగిన సాంబారు ఉల్లి, ఉల్లికాడలు, కొత్తిమీర వడ్డించే ముందు వేయాలి. ఈసాన్‌లో రంపపు అంచులున్న పొడవాటి ఆకు ఒకటి వేస్తారు, కొత్తిమీర వాసనే ఇంకా గట్టిగా ఉంటుంది. దొరికితే వదలకండి. అన్నిటికంటే చివర బియ్యప్పొడి ఒక టేబుల్ స్పూను. అది వేసిన క్షణం నుంచి రసం పీల్చుకుంటూ ఉంటుంది. పావుగంటలో సాస్ చిక్కబడుతుంది, అరగంటకి ముద్దవుతుంది. కాబట్టి చికెన్ పళ్ళెంలోకి వచ్చాకే కలపండి.

చింతపండు, బెల్లం, ఫిష్ సాస్ కలిపిన మూలరసం సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. ఉల్లి, ఆకులు పడ్డాక మాత్రం ఆ పూటే తినేయాలి. మాంసం తిననివాళ్ళకి కాల్చిన పుట్టగొడుగులు, పనీర్, ఉడికించిన క్యాబేజీ బాగుంటాయి. నా మాట అడిగితే పుట్టగొడుగులే.

కొత్తిమీర వేళ్ళు పారేయకండి. థాయ్ వంటింట్లో కొత్తిమీర వేరు, వెల్లుల్లి, మిరియం కలిపి నూరిన ముద్దని "సామ్ గ్లో" అంటారు, ముగ్గురు నేస్తాలని. ఆ ముద్దకి కాస్త ఫిష్ సాస్ కలిపి చికెన్‌కి పట్టించి రెండు గంటలు ఉంచి కాల్చితే ఈ సాస్‌కి సరైన జోడీ.

రాసిపెట్టుకోవడం

వంటకాలు చాలాకాలం పద్యాల్లోనూ బతికాయి. తర్వాత రెండవ రామ రాజుగా 1809లో సింహాసనం ఎక్కిన సయామ్ యువరాజు అంతకుముందే పడవ పాటల ఛందస్సులో వంటకాల మీద ఒక కావ్యం రాశాడు. మసమన్ కూరలో జీలకర్ర గుబాళించడం అందులో ఉంది. మన ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు విష్ణుచిత్తుడి ఇంట వానాకాలపు భోజనం చెబుతూ అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు వరసగా పేరుస్తాడు. ముసురులో కట్టెలు పొగ రాకుండా ఆ ఇల్లాలు కొబ్బరి చిప్పలు మండించిందని కూడా చెబుతాడు. ఈ రెండూ చదివితే నోరూరుతుంది. వండడం మాత్రం రాదు.

థాయ్ భాషలో చేసి చూపేలా రాసి అచ్చైన తొలి పుస్తకాల్లో ముఖ్యమైనది ప్లియన్ ఫాసకొరవాంగ్ అనే కులీన స్త్రీది, 1908 నుంచి వచ్చింది. ఆమె దినుసుల్ని బాట్ తూకంలో చెప్పింది. బాట్ అంటే ఇవాళ డబ్బు, అప్పట్లో బరువు కూడా, సుమారు 15 గ్రాములు. మన పెద్దవాళ్ళు "రూపాయి ఎత్తు ఇంగువ" అన్నట్టే అది. ఆ వెండి రూపాయి తులం తూగేది, దాదాపు 11.7 గ్రాములు. ఇంట్లో ఎవరి దగ్గరైనా అలాంటి కొలతలున్న పాత కాగితం ఉంటే గ్రాముల్లోకి మార్చి పక్కనే రాసి ఉంచండి. పాత మాట కొట్టేయకండి.

ఇంకో ఆచారం ఉంది, నన్ను బాగా కదిలించేది. థాయ్‌లాండ్‌లో ఒక మనిషి పోతే, దహనానికి వచ్చినవాళ్ళకి పంచడానికి చిన్న పుస్తకం అచ్చు వేయిస్తారు. అందులో ఆ మనిషి జీవితం, కొన్నిసార్లు వాళ్ళు చేసే వంటకాలు ఉంటాయి. అమ్మమ్మ దహనం రోజున చుట్టాలందరూ ఆమె నామ్ ఫ్రిక్ అనే మిరప పచ్చడి పద్ధతి చేతిలో పట్టుకుని ఇంటికెళతారన్నమాట. బ్యాంకాక్‌లోని వాట్ బొవొన్నివేత్ ఆలయంలో ఇలాంటి పుస్తకాల పెద్ద సేకరణ ఉంది. థాయ్ వంట చరిత్ర వెతికేవాళ్ళకి అవి పెద్ద ఆధారం.

మీ పేజీ రాయడానికి నేను చెప్పేది ఇంతే. మొదటిసారి చేసిన రోజు రాయకండి, మూడోసారి చేశాక రాయండి. అప్పటికి ఏది మారుతుందో, ఏది మారదో తెలుస్తుంది. మారనిదాన్ని గ్రాముల్లో రాయండి. మారేదాన్ని గుర్తుతో రాయండి: వాసన, చప్పుడు, రంగు. దినుసు పేరు ఒక్కటే చాలదు, ఎలాంటిదో రాయండి. "చింతపండు" కాదు, "ఈ ఏడాది పండు, ఎర్రగా ఉంది" అని. మూడో వంతు పేజీ ఖాళీగా వదలండి, అంచులకి పని పడుతుంది. నా పేజీ అంచుల్లో ఇప్పటికి ఇవి ఉన్నాయి:

"పాత పండైతే 2 చాలు.

మే నెల: నిమ్మకాయల్లో రసం లేదు, రెండు కాయలు పట్టాయి.

వానాకాలం: డబ్బాలో బియ్యప్పొడి మెత్తబడింది. మళ్ళీ వేయించి చల్లార్చాక కరకర వచ్చింది.

పిల్లలకి: మిరప వేయకముందే ఒక చిన్న గిన్నె పక్కకి తీయాలి.

అమ్మకి: ఫిష్ సాస్ వద్దు, సోయా. తనకి కొబ్బరి పీచు రంగు కంటే ఇంకో నిమిషం ఎక్కువ వేగిన బియ్యం నచ్చింది. ఈసారి నేనూ అలాగే చేసి చూడాలి."